దూది పెట్టిన చెవి

మా ఇంట్లో గుసగుసలు ఉండేవి కావు. మా బాపు రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లకు రివెట్లు కొట్టే పని చేసేవాడు. ఇనుము మీద ఇనుము మోగే చోట ఇరవై ఏళ్ళు నిలబడ్డ మనిషికి చెవులు సగమే మిగిలాయి. అందుకని ఉప్పు తక్కువైందన్నా, ఒంట్లో బాగాలేదన్నా, ఎవరి మీదైనా చాడీ చెప్పాలన్నా మా అమ్మ అరిచే చెప్పేది. ఆయన అరిచే జవాబిచ్చేవాడు. మెట్టుగూడ క్వార్టర్లలో మాది వరుసలో మూడో ఇల్లు. ఆ పూట మా పొయ్యి మీద ఏముందో పదో ఇంటిదాకా తెలిసేది. "మీ ఇంటికి దొంగలొస్తే వాళ్ళకు తక్లీఫే లేదు వదినా, తాళంచెవి ఏడున్నదో మీరే ఒర్లి చెప్తరు" అని పక్కింటి లక్ష్మమ్మ మా అమ్మను ఆటపట్టించేది. నేనిక్కడ చెప్పబోయే తప్పును పదేళ్ళ వయసులోనే బాపు దగ్గర ఒప్పుకోవాలంటే దాన్ని కూడా అరిచే ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న సాకు అది.

ఆదివారం పొద్దున నాయనమ్మ ఇనుప గంటెలో నువ్వులనూనె పోసి, రెండు ఎల్లిపాయలు చితక్కొట్టి వేసి, కుంపటి మీద పెట్టేది. ఎల్లిపాయ ఎర్రబడే వాసన ఇల్లంతా పాకాక మా బాపు అరుగు మీదికి వచ్చి, తల్లి ఒడిలో తల పెట్టి పక్కకు తిరిగి పడుకునేవాడు. అంత పెద్ద మనిషి, మీసాలున్న మనిషి, పసివాడిలా కళ్ళు మూసుకునేవాడు. ఆమె తన మణికట్టు మీద ఒక చుక్క వేసి వేడి చూసుకుని, దూదితో నూనె పిండి, చెవిలో చుక్కలు వేసి, ఆ దూదినే మూతలా పెట్టేది. రెండో చెవి అయ్యేదాకా ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. వారానికి ఆ అరగంటే మా ఇంట్లో నిశ్శబ్దం. చెవిలో ఏది పొయ్యాలన్నా దూది చేతిలో ఉండాలని నాకు నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు. తెలియక చేశానని చెప్పడానికి లేదు.

మొన్న వర్షాలు మొదలయ్యే ముందు ఒకమ్మాయి ఫోన్ చేసింది. పేరు అనూష, శిల్పాలు చేస్తుంది. మెట్టుగూడ పార్కులో పిల్లల చెవులున్న పాత గోడను ఇప్పటి బడిపిల్లలతో కలిసి బాగుచేస్తున్నామనీ, అప్పట్లో అచ్చులిచ్చిన పిల్లల్లో దొరికినవాళ్ళను పిలుస్తున్నామనీ చెప్పింది. "మీ చెవి ఏదో మీరే వచ్చి చూపించాలి సార్" అని నవ్వింది. నేనిప్పుడు ఉండేది మారేడ్‌పల్లిలో. ఆటోలో పావుగంట దూరం. ఆ పావుగంట దూరం నేను దాదాపు జీవితకాలం వెళ్ళలేదు.

ఆ గోడ సంగతి చెప్పాలి. మనిషెత్తు ఉంటుంది, నెలవంకలా వంగి ఉంటుంది, చాలా మందం. రోడ్డు వైపు ఇరవై ఒక్క చెవులు, లోపలివైపు ఇరవై ఒక్కటి. అన్నీ సిమెంటువి, అన్నీ పదేళ్ళ పిల్లలవి. ఒక్కో చెవి వెనక ఒక మట్టి గొట్టం గోడలో మెలికలు తిరిగి అవతలివైపు ఇంకొక చెవిలో తేలుతుంది. ఇక్కడ మెల్లగా ఒక మాటంటే అది అవతల ఏదో ఒక చెవిలోంచి, కాస్త తడిసినట్టు, కాస్త వయసు మళ్ళినట్టు బయటికొస్తుంది. నేను వెళ్ళిన రోజు గోడ నిండా నాచు పట్టి ఉంది. ముందురోజు కురిసిన వాన ఇంకా లోపలి గొట్టాల్లో మిగిలి, కొన్ని చెవుల్లోంచి చుక్కచుక్కగా కారుతోంది. చీము కారుతున్నట్టే ఉంది. నేను లోపలివైపుకు వెళ్ళి, కింది వరుసలో నాలుగోది నాదని చూపించాను. నా అసలు చెవి నాతోపాటు పెరిగింది, సాగింది, వెంట్రుకలు మొలిచాయి. గోడలోది పదేళ్ళ దగ్గరే ఆగిపోయి ఉంది. దాని మీద వేలు పెట్టి తీసేశాను. చల్లగా ఉండాల్సింది, ఎండకు గోరువెచ్చగా ఉంది.

అనూష నా ముఖం చూడలేదు, ఏదో వెతుకుతోంది. చేతిరుమాలు విప్పి బఠాణీ కంటే కాస్త పెద్ద సిమెంటు ముక్క నా అరచేతిలో పెట్టింది. ఈ చెవి గొట్టమే మూసుకుపోయి ఉందనీ, శుభ్రం చేస్తుంటే ఇది ఊడి వచ్చిందనీ చెప్పింది. "కావాలనే క్లోజ్ చేశారు సార్. చూడండి, థంబ్ ప్రింట్. చిన్నపిల్లలది." నేను చూశాను. బొటనవేలి గీతలు నిన్న నొక్కినంత స్పష్టంగా ఉన్నాయి. నా చేతిలో ఉన్నది నా వేలే. దాన్ని గుర్తుపట్టనట్టు ఆమెకు తిరిగి ఇచ్చేశాను.

తర్వాత ఆమె రోడ్డు వైపు తీసుకెళ్ళి, నా చెవికి జతగా ఉన్న చెవిని చూపించింది. మిగతావన్నీ పచ్చగా నాచుపట్టి ఉంటే అదొక్కటే అరిగి నున్నగా, నల్లగా మెరుస్తోంది. దాని రంధ్రంలో తెల్లటి దూది ఉంది. కొత్త దూది. అప్పుడే పెట్టినట్టు శుభ్రంగా.  అనూష తోటమాలిని అడిగితే, ఎవరో పెద్దాయన ప్రతి ఆదివారం వచ్చి పాతది తీసి కొత్తది పెట్టి పోతాడని చెప్పాడట.

గోడ పాదం దగ్గర ఒక షాబాదు రాయి. దాని మీద 'వినే గోడ' అని చెక్కి ఉంది, కింద 'బడిపిల్లలు' అని ఉంది. ఆ రెంటికీ నడుమ ఒక వరుస ఖాళీ. అక్కడ చేసినాయన పేరు ఉండాల్సింది. ఆ పేరు చెక్కించాలని అనూష పట్టుదల. పార్కు కమిటీ పెద్ద యాదగిరి సార్ ఒప్పుకోవడం లేదట. ఆయన ఈ కాలనీలోనే పుట్టి పెరిగిన మనిషి, అప్పటి సంగతి విన్నవాడు. "పోరని చెవి పాడుజేసినోని పేరు రాయి మీద ఎట్ల చెక్కిస్తం మేడమ్" అన్నాడట. ఆదివారం కమిటీ కూర్చుంటోంది. అప్పటి పిల్లల్లో ఒకరైనా వచ్చి ఆయన మంచివాడని ఒక్కమాట చెబితే చాలు సార్, అంది. నేను వస్తానన్నాను. ఏం చెబుతానో అనలేదు.

ఆయన పేరు నరహరి. గోడ పని కోసం కార్ఖానా బస్తీ నుంచి మా బడికి సైకిలు మీద వచ్చేవాడు. సన్నగా, మెడ మీదికి దిగిన జుట్టుతో, ఎప్పుడూ గోళ్ళలో తెల్లటి పిండితో ఉండేవాడు. సార్ అనొద్దు, అన్నా అనండి అని మొదటి రోజే చెప్పాడు. మా ఇంట్లో పెరిగిన నాకు ఆయన గొంతు ఒక వింత. అంత మెల్లగా మాట్లాడే మగమనిషిని నేను చూడలేదు. క్లాసులో వెనకవాళ్ళకు వినబడాలంటే ఆయన గొంతు పెంచేవాడు కాదు, వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళేవాడు. "గోడలకు చెవులుంటయ్ అని పెద్దోళ్ళు భయపడి అంటరు. మనం నిజంగనే పెడుదాం. అప్పుడు భయముండదు" అన్నాడు. ఆ మాటకు మేమంతా నవ్వాం. నా పక్కన కూర్చున్న దేవదానం నవ్వలేదు, మరి గోడకు నోరెట్లా అని అడిగాడు. అప్పుడే నరహరన్నకు గొట్టాల ఆలోచన వచ్చిందని ఆయనే తర్వాత చెప్పాడు.

దేవదానం మా రత్నమ్మ టీచరు కొడుకు. వాళ్ళది గుంటూరు వైపు. టీచరు వాళ్ళాయన రైల్వేలో గుమాస్తాగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. వాడి గొంతు క్వార్టర్లంతటికీ తెలుసు. క్రిస్మస్ ముందు వీధుల్లో పాడుతూ వచ్చే గుంపులో వాడు ముందుండేవాడు. వాడు పాడితే మా బాపు కూడా తల ఎత్తి చూసేవాడు. ఆ గొంతు ఆయనకు ఎక్కడో తగిలేది. గోడ ప్రారంభోత్సవం రోజున దేవదానం పాడాలని హెడ్‌మాస్టరు ముందే నిర్ణయించాడు.

అచ్చు తీసే పద్ధతిని అన్న మా అందరిచేతా వల్లెవేయించాడు. ముందు దూది, తర్వాత వాసలిన్, తర్వాత చెవి చుట్టూ మట్టి గట్టు, చివరికి పిండి. జతలు జతలుగా బడి వరండా బెంచీల మీద ఒకడు పడుకోవాలి, రెండోవాడు చెయ్యాలి. ప్లాస్టరు పిండి నీళ్ళలో కలిపాక ఆగదు, గట్టిపడిపోతుంది. చెవి మీద పోశాక మెల్లగా వేడెక్కుతుంది. ముందు నేను పడుకున్నాను. దేవదానం నా చెవిలో దూది పెట్టి, తల్లి దగ్గర నేర్చుకున్నట్టు, నొప్పి పెడుతోందా అని రెండుసార్లు సైగ చేసి అడిగి, పని చేశాడు. నా అచ్చు చక్కగా ఊడి వచ్చింది. తర్వాత వాడు పడుకున్నాడు. కుడి చెవి. నేను దూది పెట్టాను, వాసలిన్ రాశాను, గట్టు కట్టాను. అప్పుడు నాకొక సరదా పుట్టింది. వాడి చెవి మీదికి వంగి, "ఇనొస్తుందా?" అని గొణిగాను. వాడు పలకలేదు. మళ్ళీ అడిగాను. కళ్ళు మూసుకుని అలాగే ఉన్నాడు. దూది బయటికి లాగి, నోరు ఆనించి, మూడోసారి అడిగాను. "ఇనొస్తుందా?"

వాడికి గిలిగింత పుట్టి నవ్వాడు. అదే సమయానికి అవతలి బెంచీ దగ్గర్నుంచి అన్న, పిండి గట్టిపడుతోంది, పొయ్యండి పొయ్యండి అన్నాడు. నేను పోశాను. దూది నా ఎడమ పిడికిట్లో ఉంది.

కాసేపటికి వాడు వేడి అన్నాడు. అందరికీ వేడే, ఆగు అన్నాను. ఇంకాసేపటికి వాడు బెంచీని గోళ్ళతో గీకడం మొదలుపెట్టాడు. ఆటలాడుతున్నాడనుకున్నానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. నిజానికి పిడికిట్లో దూది నాకు అప్పటికే తెలిసింది. అప్పుడైనా అన్నను పిలవొచ్చు. పిలవలేదు. దూదిని చొక్కాజేబులో పెట్టుకున్నాను. అన్న వచ్చి అచ్చు తీయబోతే అది రాలేదు. కొంచెం లాగితే దేవదానం అరిచిన అరుపు వరండాలో ఇప్పటికీ ఉండి ఉంటుంది. ఊడి వచ్చిన అచ్చు లోపల వేలి లాంటిది ఒకటి పొడుచుకుని ఉంది. కొన విరిగిపోయి ఉంది. విరిగినచోట ఎర్రగా ఉంది.

మర్నాడు హెడ్‌మాస్టరు గదిలో నన్ను నిలబెట్టారు. నరహరన్న ఒక మూల, రత్నమ్మ టీచరు కుర్చీలో. అన్న దూది ఇచ్చాడా అని అడిగారు. ఇయ్యలేదన్నాను. చాలా మెల్లగా అన్నాను, ఆయన దగ్గర నేర్చుకున్న గొంతుతోనే. నరహరన్న నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఏదో వినడానికి ప్రయత్నిస్తున్నట్టు తల కాస్త వంచాడు, అంతే. "ఇచ్చిన అనుకున్న సార్. ఇచ్చినా, నేను చూస్కోవాల్సుండె. తప్పు నాదే" అన్నాడు. పెద్దవాడిగా ఆయన చూసుకోవాల్సిందే, నిజం. ఆ సగం నిజం వెనక నేను దాక్కున్నాను. హెడ్‌మాస్టరు ఆసుపత్రికి వెళ్ళి, కట్టు కట్టుకుని పడుకున్న దేవదానాన్ని కూడా అడిగితే వాడు అవునని తలూపాడని తర్వాత చెప్పుకున్నారు. ఎందుకు ఊపాడో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు. నరహరన్న చివరి రెండు చెవులూ, అంటే దేవదానానిదీ నాదీ, తన చేత్తో గోడకు పెట్టి వెళ్ళిపోయాడు. ఇక రావద్దన్నారు. రాయి మీద ఆయన పేరు రాకుండా మేస్త్రీకి చెప్పారు. పాట ఉండలేదు. దేవదానానికి కుడి చెవి వినికిడి మళ్ళీ రాలేదు, వాడు మళ్ళీ ఎక్కడా పాడలేదు.

హెడ్‌మాస్టరు గదికి వెళ్ళొచ్చిన సాయంత్రమే, నా చొక్కా ఉతకడానికి తీసుకున్న నాయనమ్మకు జేబులో దూది దొరికింది. "గింత మంచి దూది పారేస్తరా" అని గొణుక్కుంటూ దాన్ని మోకాలి మీద వేసి అరచేత్తో ఒక్క రుద్దు రుద్ది వత్తి చేసింది. దేవుడి ముందు దీపంలో వేసింది. దానికి వాసలిన్ అంటి ఉంది. మిగతా వత్తులన్నీ ఆరిపోయినా అది వెలుగుతూనే ఉంది. "ఏం వత్తిరా ఇది, ఆరదేంది" అని ఆమె అన్నం ముందు నుంచి రెండుసార్లు లేచి చూసింది. నేను ముద్ద మింగలేకపోయాను. మా అమ్మ పోరనికి జ్వరమొచ్చిందని అరిచింది. బాపు ఏందీ అని అరిచాడు. జ్వరం అని వీధి వీధంతా వినబడింది.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం పార్కుకు వెళ్ళాను. మేస్త్రీ గోడ పాదం చుట్టూ గట్టు కడుతూ సిమెంటు మాలు తట్ట అక్కడే పెట్టి టీకి వెళ్ళాడు. నేను లోపలివైపు నా చెవి ముందు కూర్చున్నాను. దానికి నా చెవి ఆనించాను, ఎందుకో చెప్పలేను. గొట్టంలో గాలి ఊపిరిలా వచ్చి పోతోంది. అప్పుడు ఒక ఆడగొంతు, చాలా దగ్గరగా, నా తలలోపలే అన్నంత దగ్గరగా, "వినపడుతోందా నాన్నా?" అంది. మళ్ళీ అంది. తర్వాత మాటలు లేవు, ఏడుపు మాత్రం తడితడిగా వచ్చింది. రత్నమ్మ టీచరు అవతలివైపు తన కొడుకు చెవి ముందు నిలబడి ఉంది. ఆసుపత్రిలో వాడిని అడిగిన మాటనే ఆమె ఆ సిమెంటును అడుగుతోంది. నేను వాడిని అడిగిన మాట కూడా అదే. ఆమె వెళ్ళాక మేస్త్రీ తట్టలోంచి చిటికెడు మాలు తీసి, నా చెవి రంధ్రంలో పెట్టి, బొటనవేలితో లోపలికంటా నొక్కాను. ఇక దాంట్లోంచి ఏదీ రాకూడదు.

రాలేదు. దాంతో ఇంకొకటి జరిగింది. మూసేసిన నాది పోగా, అన్ని చెవుల్లో చెప్పిన మాట ఎటూ తేలనిది దేవదానం చెవి ఒక్కటే అయింది. రహస్యం దాంట్లో చెబితే మునిగిపోతుందని పేరు పడింది. పరీక్ష పోయిన పిల్లలు, అత్తమీద కోపమొచ్చిన కోడళ్ళు, వర్క్‌షాపులో ఏదో దాచిన మనుషులు పొద్దుగూకే వేళ వచ్చి దానికి నోరు ఆనించి నిలబడేవారు. మా నాయనమ్మ కూడా ఒకసారి వెళ్ళింది. ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు. ఆ చెవి అరిగింది అలా. నేను పెద్దయ్యాక ఒకసారి కార్ఖానా రోడ్డులో నరహరన్నను చూశాను. సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కే చిన్న దుకాణంలో వంగి కూర్చుని, ఎవరిదో పేరు ఉలితో తీస్తున్నాడు. తల ఎత్తాడు. అదే చూపు, అదే తల వంచడం. నేను రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయాను. పదేళ్ళప్పుడు చేసింది భయంతో చేశాననుకోవచ్చు. ముప్పై ఏళ్ళప్పుడు రోడ్డు దాటింది దేనితో చేశానో ఈ రోజుకూ మంచిపేరు పెట్టలేకపోతున్నాను. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

ఆదివారం పదిన్నరకు వెళ్ళాను. గోడ ముందే ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, యూనిఫాం వేసుకున్న పిల్లలు గోడ చుట్టూ తిరుగుతున్నారు. రోడ్డు వైపు ఒక మనిషి నున్నటి చెవి ముందు నిలబడి, జేబులోంచి దూది చుట్ట తీస్తున్నాడు. తెల్లటి చొక్కా, చంకలో బైబిలు. తల ఒక పక్కకు వాలి ఉంది. మంచి చెవిని లోకం వైపు తిప్పుకుని బతికిన మనిషి నిలబడే తీరు అది. దేవదానం నన్ను చూసి, నిన్ననే విడిపోయినట్టు, "ఏం సీను, వచ్చినవా" అన్నాడు.

ఈ దూది నువ్వేనా పెట్టేది అని అడిగాను. ఎడమవైపుకు వచ్చి అడగమని సైగ చేశాడు. మళ్ళీ అడిగాను.

"నేనే. మంది వచ్చి అన్నీ దీంట్లనే చెప్తరు. ఎంతని ఇనాలె చెప్పు" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. "చెవి చచ్చిపోయిందన్నరు డాక్టర్లు. చావలే. దాంట్ల ఒకటి ఇప్పటికీ ఇనొస్తది. నువ్వన్నదే. 'ఇనొస్తుందా' అని అడుగుతనే ఉంటది. వానాకాలమైతే మరీ పరేషాన్ చేస్తది. ఈడ దూది పెడితే జెర తగ్గుతది."

 దూది తీసింది నేనేనని నీకు తెలుసా అన్నాను.

"తియ్యకపోతే నీ మాట నాకెట్ల ఇనొస్తది?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. తప్పు చేసినవాడికి తన దాపరికం మీదే ధ్యాస. అవతలివాడికి ఏం తెలుసో లెక్కే ఉండదు. మరి ఆసుపత్రిలో ఎందుకు తలూపావని అడిగితే, రెండు చెవులకూ కట్టు కట్టి ఉన్నప్పుడు అడిగారనీ, పెదవులు కదలడమే కనిపించిందనీ, అమ్మ ఏడుస్తుంటే అవునంటే ఊరుకుంటుందేమోనని ఊపాననీ చెప్పాడు. దేనికి ఊపాడో తెలిసేసరికి నరహరన్న లేడు. వాడు తల్లికి నిజం చెప్పాడు. ఆమె హెడ్‌మాస్టరుకు చెప్పింది. అయిపోయింది కదా టీచర్, మళ్ళీ ఎందుకు అన్నాడాయన. కార్ఖానా వెళ్ళి ఇల్లు వెతికితే అన్న ఖాళీ చేసి పోయాడు.

"నన్నెందుకు అడగలే?" అన్నాను.

"అడగలేదంటవా" అంటూ ఆ చెవిని వేలితో తట్టాడు. "ఈడికొచ్చి మస్తు సార్లు అడిగిన. ఇందులకెంచి అంటే నీ చెవిలకెంచి వస్తది గద. సీను చెప్పురా, నేనేమనను, నువ్వే చెప్పాలె అని. నువ్వు ఇనుకుంటనే ఉన్నవ్, పలుకుతలేవ్ అనుకున్న."

అనూష పక్కనే ఉంది. ఆమె చేతిరుమాలులోంచి ఆ సిమెంటు ముక్క తీసుకుని నేను దేవదానం చేతిలో పెట్టాను. వాడు అద్దాలు పైకి జరిపి, ఆ చిన్న వేలిముద్రను చాలాసేపు చూశాడు. దాని మీద తన బొటనవేలు పెట్టాడు. అది పూర్తిగా కప్పుకుపోయింది.  గోడ చెవిలోంచి దూది బయటికి లాగి నా అరచేతిలో ఉంచి, "నీది నువ్వు తీస్కో" అన్నాడు. తర్వాత కుర్చీల వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

నేను ఉద్యోగమంతా ఒక లైబ్రరీలో చేశాను. మెల్లగా మాట్లాడతానని నాకు మంచిపేరు. ఆ గొంతుతోనే మొదలుపెట్టాను. యాదగిరి సార్ చెయ్యి చెవి వెనక పెట్టుకుని, "జెర గట్టిగ చెప్పుండ్రి సార్, ఇనొస్తలేదు" అన్నాడు. అప్పుడు నా లోపల్నుంచి మా బాపు గొంతు వచ్చింది. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ గొంతు నాలో ఉన్నట్టు నాకే తెలియదు. "నరహరన్న దూది ఇచ్చిండు. తీసింది నేను. ఇయ్యలేదని అబద్ధం చెప్పింది సుత నేనే" అని అరిచాను. రోడ్డు మీద వెళ్ళే ఆటో నెమ్మదించింది. పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. గోడ అవతల నుంచి ఒక చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, కింద నాలుగో చెవి మాట్లాడుతుంది" అంది. ఆ పిల్ల ముఖం తెల్లబోయి ఉంది.

యాదగిరి సార్ చేతికర్ర ఊతంగా లేచాడు. అడిగింది ఒక్కటే, నరహరన్న ఇంటిపేరు ఏమిటి అని. దేవదానానికి తెలియదు. నాకు తెలియదు. ఎంతమంది పేర్లో, ఇంటిపేర్లతో సహా, రాళ్ళ మీద చెక్కిన మనిషి పూర్తి పేరు చెప్పగలిగినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. ఇప్పుడు ఆ ఖాళీ వరుసలో 'నరహరన్న' అని ఉంది. మేం పిలిచినట్టే. దేవదానం నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. వెళ్ళేటప్పుడు వాడు నాకు ఎడమవైపు నడిచాడు, అంటే చచ్చిన చెవి నా వైపు పెట్టి. బస్టాపు దాకా అలాగే నడిచాం. దారిలో నేనేదో అన్నాను. వాడు తల తిప్పలేదు.

మా ఇల్లు ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంటుంది. కోడలి చెవుల్లో తెల్లటి గుళికలు, మనవడి చెవుల మీద దిండ్ల లాంటివి, మా అబ్బాయి ఎవరితోనో మాట్లాడుతూ గదులన్నీ తిరుగుతాడు, ఎవరితోనో మాకు తెలియదు. నాకు కావలసింది మెసేజ్ పెట్టి అడగాలి. ఇంత మంచి నిశ్శబ్దంలో ఏ రహస్యమైనా హాయిగా బతికేస్తుంది. ఆ మూడో ఇంట్లో అలా కుదిరేది కాదు. ఒక్కసారి అరిచి ఉంటే పదిళ్ళకూ తెలిసేది, బాపు నన్ను కొట్టేవాడు, రెండు రోజులు బువ్వ సహించేది కాదు, అంతటితో పోయేది. అరిచే ఇంట్లో ఉన్నందుకు చెప్పలేకపోయానన్నాను మొదట్లో. అరవడం చేతనైన ఇంట్లో పుట్టి కూడా చెప్పలేదనడం సరి.

ఆ దూది తెచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను. వత్తులు చేసేవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. అంగడిలో ప్యాకెట్లు వస్తాయి. నేనే మోకాలి మీద వేసి, నాయనమ్మ చేసినట్టు, అరచేత్తో రుద్దాను. వంకరగా, ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వచ్చింది. నూనెలో వేసి దేవుడి దగ్గరికి తీసుకెళ్ళాను. అగ్గిపుల్ల గీసి, వేలు కాలేదాకా పట్టుకుని, ఊదేశాను. నేను దాచింది ఒకసారి కాలిపోయింది, చాలు. ఈసారి వెలిగించలేదు.